నౌపడ న్యారోగేజ్ షెడ్ ఎందుకు మూతపడింది?

శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఒకప్పుడు డీజిల్ ఇంజన్ల షెడ్ ఉండేదట, నిజమేనా, ఎందుకు మూసేశారని అడిగారు. నిజమే. కానీ విశాఖలోని వాల్తేరు డీజిల్ షెడ్ లాంటిది ఊహించుకోకండి. ఇది నౌపడ–గుణుపురం న్యారోగేజ్ బళ్ల కోసం ఉన్న చిన్న షెడ్. ఎక్కువ కాలం బొగ్గు ఇంజన్లే చూసింది. డీజిల్ వచ్చింది చివర్లో, 1990లలో.

ఆ లైను వేయించింది పర్లాకిమిడి రాజావారు. 1900 ఏప్రిల్‌లో నౌపడ నుంచి పర్లాకిమిడికి బండి మొదలైంది, 1931కి గుణుపురం చేరింది. మొత్తం 90 కిలోమీటర్లు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే, అసలు కథంతా అక్కడే ఉంది. నౌపడ దగ్గర మెయిన్ లైను బ్రాడ్‌గేజ్. చిన్న పట్టాలు అక్కడితో ఆఖరు. ఇంజన్‌కి పెద్ద రిపేరు వస్తే సొంత చక్రాల మీద ఎక్కడికీ పోలేదు, పెద్ద వ్యాగన్ మీదకి ఎక్కించి పంపాలి. అందుకే చేతనైనంత వరకు ఇక్కడే బాగుచేసుకునేవారు.

మా మేనమామ అక్కడ ఫిట్టర్. సెలవులకి టెక్కలి వెళ్తే ఆయనకి మధ్యాహ్నం క్యారేజీ నేనే పట్టుకెళ్లేవాణ్ణి. అక్కడి న్యారోగేజ్ డీజిల్ ఇంజన్లని జడ్‌డీఎం అంటారు, అవి డీజిల్ హైడ్రాలిక్ రకం. వాటిలో చక్రాలు తిప్పే కరెంటు మోటార్లు ఉండవు. ఇంజన్ బలం ఆయిల్ నిండిన ట్రాన్స్‌మిషన్‌లోంచి షాఫ్టుల ద్వారా చక్రాలకి అందుతుంది. ఆయిల్ పాడైతే బండి కదలదు. మావయ్య ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి, చివరనున్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసేవాడు. “గరుకు తగిల్తే బండినొగ్గనురా” అనేవాడు. డ్రైవరు ఎంత తొందరపెట్టినా సరే. తర్వాత కాటన్ వేస్ట్‌తో చేతులు తుడుచుకుని, ఇంజన్ కిందకి దూరి బ్రేక్ బ్లాకులు ఎంత అరిగాయో చూసేవాడు. ఇంత శ్రద్ధగా పనిచేసిన మనుషుల గురించి ఎక్కడా రాయకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక మూత సంగతి. ఇంజన్లు పాతబడి మూసేశారని కొందరంటారు, నేనొప్పుకోను. 2004 జూన్‌లో లైను బ్రాడ్‌గేజ్‌గా మార్చడానికి బళ్లు ఆపేశారు. చిన్న పట్టాలు పీకేశాక ఆ ఇంజన్లకి ఇక్కడ దారే లేదు, షెడ్‌కి పనీ లేదు. 2011కి పెద్ద పట్టాల మీద గుణుపురం దాకా రైలు వచ్చింది. ఊళ్లకి అదే మంచిది, పాతపట్నం వాళ్లు బండి మారకుండా పూరీ వెళ్తున్నారు. షెడ్ వాళ్లకి మాత్రం బదిలీలు, మావయ్యకీ అంతే.

మీరు దీని చరిత్ర రాస్తుంటే టెక్కలి, పాతపట్నం వైపు ఉన్న రైల్వే పెన్షనర్లని తొందరగా కలవండి. బొగ్గు ఇంజన్ మీద పని నేర్చుకుని డీజిల్‌కి మారిన వాళ్లని ముందు అడగండి. ఆ రెండు పనులూ చేసినవాళ్లు ఇప్పుడు బాగా పెద్దవాళ్లయిపోయారు.