12 అడుగుల అస్థిపంజరం భయపెడుతుందా?

హాలోవీన్‌కు మీ కాలనీలో హాంటెడ్ హౌస్ (జనాన్ని సరదాగా భయపెట్టే దయ్యాల ఇల్లు) పెడుతున్నారనీ, 12 అడుగుల అస్థిపంజరం బొమ్మ కొంటే పెట్టిన డబ్బుకు తగ్గట్టు జనం భయపడతారా అనీ అడిగారు. డాలస్ శివారులోని మా పేటలో మూడేళ్లు ఇదే పని నెత్తిన వేసుకున్న అనుభవంతో చెబుతున్నాను: కొనండి, కానీ అదే భయపెడుతుందన్న ఆశతో మాత్రం కొనకండి.

ఇంటి సామాన్లు అమ్మే అమెరికా దుకాణాల సంస్థ హోమ్ డిపో 2020లో 299 డాలర్లకు ఈ బొమ్మను తెచ్చినప్పుడు, కరోనా వల్ల ఇంటిపట్టునే ఉన్న జనం ఎగబడి కొనేశారు. మా పేటవాళ్లం చందాలు వేసుకుని ఒకటి తెచ్చుకున్నాము గానీ, మా హాంటెడ్ హౌస్ నడిచేది గ్యారేజీలోననీ, దాని తలుపు ఎత్తు 7 అడుగులేననీ పెట్టె విప్పాక గాని ఎవరికీ తట్టలేదు. చేసేది లేక కాళ్లు పక్కన పెట్టి, నడుము పైభాగాన్ని మాత్రం నేలలోంచి లేస్తున్నట్టుగా అమర్చాము. వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. రెండో తరగతి పిల్లవాడొకడు పక్కటెముకను వేలితో తట్టి, "ప్లాస్టిక్" అని తేల్చేసి ముందుకు సాగిపోయాడు.

రెండో ఏడు దానిని పూర్తి ఎత్తున బయట, దారి మలుపు తిరిగే చోట నిలబెట్టాము. దాని కళ్లలో చిన్న తెరలుంటాయి. చీకట్లో ఆ కనుగుడ్లు అటూ ఇటూ తిరుగుతూ రెప్పలార్పుతుంటే ఎంతటివారైనా తలెత్తి చూడక మానరు. సరిగ్గా ఆ క్షణంలో, దాని పాదాల పక్కన నల్ల దుప్పటి కప్పుకుని గొంతుక్కూర్చున్న మా మిత్రుడు బోర్లించిన ఇనుప పెనం మీద అట్లకాడతో బర్రున గీకేవాడు. నిరుడు సెల్ఫీలు దిగిన పెద్దమనుషులే ఆ రాత్రి కేకలు పెట్టారు. చూపును పైన కట్టిపడేయడం వరకే రాక్షసబొమ్మ పని. భయం మోకాలి ఎత్తులో, పక్కనుంచి రావాలి. మరీ చిన్నపిల్లలు వచ్చే తొలి గంటలో మాత్రం ఆ కళ్లను ఆర్పి, పెనాన్ని పక్కన పెట్టేవాళ్లము.

ఇక గాలి సంగతి. మొదట్లో వెనకవైపు రెండు తాళ్లే కట్టాము. అక్టోబరు చివర ఉత్తరపు గాలి విసిరిన రాత్రి బొమ్మ బోర్లాపడి, పుర్రె ఊడి పొరుగింటి కారు చక్రం దాకా దొర్లింది. ఆ తరువాత ఛాతీ ఎత్తున మూడు దిక్కులకు మూడు తాళ్లు లాగి, ఏటవాలుగా దిగగొట్టిన ఇనుప ఊచలకు కట్టి, పీఠం మీద ఇసుక మూటలు వేశాము. పిల్లల కాళ్లకు తగలకుండా తాళ్లకు తెల్ల గుడ్డపీలికలు ముడివేశాము. అప్పుడు మా ఇంటికి వచ్చి ఉన్న మా అమ్మ అదంతా చూసి, "గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టమంటే తీరిక లేదు గానీ, దీనికి మూడు మోకులు కట్టడానికి తీరికుందిరా" అన్నది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి. 1984 మే 11న న్యూజెర్సీలో ఒక వినోద పార్కులోని హాంటెడ్ హౌస్ అంటుకుని ఎనిమిది మంది టీనేజీ పిల్లలు చనిపోయారు. లైటర్ మంట గోడకున్న ఫోమ్‌కు తగిలి నిప్పు రాజుకుంది. కాబట్టి బొమ్మకు చుట్టే గుడ్డ, గోడలకు కట్టే నల్ల పరదా మంటను నిరోధించే రకమైతేనే కొనండి. గుమ్మడికాయల్లో కొవ్వొత్తులకు బదులు బ్యాటరీ దీపాలు పెట్టండి. బయటికి పోయే దారికి బొమ్మను అడ్డుపెట్టకండి. మీ ఊరి అగ్నిమాపక శాఖను ముందే అడిగితే, ఏ అనుమతులు కావాలో వాళ్లే చెబుతారు.

విప్పేటప్పుడు ప్రతి కీలుకూ టేపు అంటించి అంకెలు వేయండి, లేకపోతే మరుసటి ఏడు కుడి తొడ ఏదో ఎడమ తొడ ఏదో తేల్చుకోవడానికే ఒక పూట పోతుంది. కళ్లలోని బ్యాటరీలు తీయడం మరిచిపోకండి. మావి కారిపోయి ఒక కన్ను పోయింది.