జర్మనీ పర్మిట్ గడువు ముగుస్తోంది, అపాయింట్‌మెంట్ లేదు: ఏం చేయాలి?

తమ్ముడూ, జర్మనీలో ఉండటానికి ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ కార్డు గడువు మూడు వారాల్లో అయిపోతుంది, విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంట్ రెండు నెలల తర్వాత అన్నావు కదా. కంగారు పడకు. ఇక్కడ లెక్క అపాయింట్‌మెంట్ తేదీది కాదు, దరఖాస్తు పెట్టిన తేదీది. గడువు తీరకముందే రెన్యువల్‌కి అప్లై చేస్తే, ఆ ఆఫీసువాళ్లు తేల్చేదాకా పాత పర్మిట్ చెల్లుతున్నట్టే. పార్ట్‌టైమ్ పని హక్కు కూడా అలాగే ఉంటుంది. జర్మనీ రెసిడెన్స్ చట్టం సెక్షన్ 81, సబ్‌సెక్షన్ 4 చెప్పేది అదే.

కాబట్టి ఈ రోజే మీ ఊరి ఆస్లెండర్‌బెహోర్డె (అదే, విదేశీయుల ఆఫీసు) ఆన్‌లైన్ ఫారం నింపు. అది లేకపోతే ఈమెయిల్ చేసి, అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపు. రసీదు ప్రాణంలా దాచుకో. యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, డబ్బు రుజువు జతచెయ్యి.

చెల్లి పెళ్లికి గుంటూరు వెళ్లాలన్నావు, అసలు తిరకాసు అక్కడే. ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం (దరఖాస్తు తేలేదాకా ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్) చేతికి రాకుండా విమానం ఎక్కకు. అందులో 81(4) గడికి టిక్ ఉంటేనే తిరిగి రాగలవు. 81(3)కి ఉంటే దాంతో రానివ్వరు. పెళ్లి తేదీ, టికెట్ చూపించి ఆ కాగితం ముందుగా ఇవ్వమని అడుగు, కొన్నిచోట్ల కనికరిస్తారు. పాత కార్డు పారేయకు, పాస్‌పోర్టుతో పాటు తీసుకెళ్లు.