వేడి అన్నం మీద మూత పెట్టవద్దు

చిత్తూరు

చిరంజీవి అమ్మణ్ణికి, నీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. నిన్న సాయంత్రం మీ నాయన ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా చెబుతూ, వచ్చే ఆదివారం నీ పుట్టినరోజుకు పద్నాలుగు మంది స్నేహితులను ఇంటికి పిలిచావనీ, హోటలు నుంచి ఏమీ తెప్పించకుండా అన్నీ నీ చేతులతోనే వండుతానంటున్నావనీ చెప్పాడు. నీవు వ్రాసుకున్న పట్టికను కూడా నా ఫోనుకు పంపాడు. దానిని మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం కలిగింది. కుక్కరు మూత ఎటు తిప్పాలో తెలియక నన్ను వంటింట్లోకి కేకవేసిన పిల్ల ఈరోజు అలసంద వడలు, ఊరిబిండి, రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఓళిగలు అని వరుసపెట్టి వ్రాసింది కదా అని మీ మామయ్యకు కూడా చదివి వినిపించాను. రెండవసారి లెక్కపెట్టాను: పన్నెండు రకాలు, రెండు పొయ్యిలు, ఒక్క మనిషి. మూడవసారి చదువుతున్నప్పుడు చిత్రాన్నం పక్కన నీవు చిన్న అక్షరాలతో వ్రాసిన మాట కంటపడింది: “అన్నం శనివారం రాత్రే వండి పెట్టెయ్యాలి.” ఆ తరువాత నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే “సరే అత్తా, సరే అత్తా” అని పెట్టేస్తావు కనుక వ్రాస్తున్నాను.

ముందుగా పట్టిక సంగతి. ఒక్కొక్క రకమూ విడిగా, విడతలు విడతలుగా వడ్డిస్తానన్నావట. మంచిదే. అదేదో కొత్త పద్ధతి అనుకోవద్దు. మన విస్తరిలోనూ తీపితో మొదలుపెట్టి పప్పు, కూర, పులుసు, చారు, చివరకు మజ్జిగ అని వరుస ఉండనే ఉంది. అయితే విస్తరికి వడ్డించేవాడు ఒకడు, వండేవాడు ఇంకొకడు. నీ ఇంట్లో ఆ ఇద్దరూ నీవే. కాబట్టి పన్నెండులో నాలుగు కొట్టేశాను. పాయసం వద్దు, ఓళిగలు ఉన్నాయి. పైగా స్నేహితులు కేకు తెస్తారు. మే నెలలో బేనీషా మామిడిపండ్లు చల్లగా కోసి పెడితే పాయసం ఊసు ఎవరూ ఎత్తరు. పచ్చిపులుసు వద్దు, నాటుకోడి పులుసు ఉన్నచోట దాని ముఖం ఎవరూ చూడరు. బజ్జీలు వద్దు, వడలు చాలు. పెరుగన్నం కూడా వద్దు; మజ్జిగలో అల్లం, కరివేపాకు, కొత్తిమీర దంచి వేసి పెద్ద గ్లాసులతో ఇవ్వు. మిగిలిన ఎనిమిదీ నీకు చేతకాని పనులు కావు.

కొండమీద శ్రీవారి వంటశాలలో, అదే పోటులో, లడ్డూకు ఏది ఎంత పడాలో చెప్పే దిట్టం ఉంటుందని తిరుపతిలో కాపురముంటున్న నీకు నేను చెప్పనక్కరలేదు. నీవూ ఒక దిట్టం వ్రాసుకొని గోడకు అంటించు. ఇన్ని రకాలు ఉన్నప్పుడు బియ్యం మనిషికి నూరు గ్రాములు మించవద్దు. కోడి శుభ్రం చేసిన తరువాత మూడు కిలోలు చాలు. సరుకులు శుక్రవారం, కూరగాయలు శనివారం, కోడి ఆదివారం తెల్లవారి. సిలిండరు ఎత్తి చూసుకో. కుక్కరులో పప్పు సగానికి మించి పోయవద్దు. చున్నీ నడుముకు బిగించి కట్టుకో. నలుగురికి వేసే ఉప్పును పద్నాలుగు మందికి లెక్కగట్టి హెచ్చవేయవద్దు. ముందు తక్కువ వేసి రుచి చూసి కలుపుకో. మాంసం తినని ముగ్గురికి గరిటెలు వేరుగా ఉండాలి, వాళ్ళ ముందు ఆ గరిటె ఈ గిన్నెలో పెట్టి నవ్వవద్దు.

ఇక ఆ అన్నం మాట.

1989 మే నెల. మేము అప్పుడూ చిత్తూరులోనే, మూడు వాటాల ఇంట్లో నడిమి వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. మీ బావకు ఐదవ పుట్టినరోజు. ముప్ఫై మందిని పిలిచాను. మా అత్తగారు వంటమనిషిని పెట్టుకుందామంటే వినలేదు. నీకు ఇప్పుడు ఉన్న పట్టుదలే నాకు అప్పుడు ఉండేది, ఈ విషయంలో నీవు మీ అమ్మ పోలిక కాదు. ఉదయం పని తేలికవుతుందని శనివారం రాత్రి పదకొండు గంటలకు నాలుగు కిలోల బియ్యం వండి, గంజి వార్చి, బల్లి పడుతుందేమోనన్న భయంతో ఆ గుండిగ మీద మూత బిగించి, మూత మీద పొత్రం ఎత్తి పెట్టి పడుకున్నాను. చాలా తెలివైన పని చేశానని అనుకుంటూ పడుకున్నాను.

ఆదివారం పది గంటలకు మూత తీశాను. పైన అన్నం చల్లగానే ఉంది. చేయి లోపలికి పోనిచ్చేసరికి నడిమధ్యలో, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుటిలాగా, ఇంకా వెచ్చగా తగిలింది. మెతుకులు వేళ్ళకు అంటుకున్నాయి. చేయి పైకెత్తితే సన్నని తీగ సాగింది. తడిసిన గోనెసంచి వాసన లాంటిది ఒకటి, గట్టిగా కాదు, ముక్కుకు ఒక్క క్షణం తగిలి పోయింది. అప్పుడు నాకు తెలుసు, అమ్మణ్ణీ. తెలియక చేశానని ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పుకున్నాను గానీ, ఆ క్షణంలో నాకు తెలుసు. నాలుగు కిలోల బియ్యం పారబోయడానికి మనసు రాలేదు, ముప్ఫై మంది వచ్చే వేళకు మళ్ళీ ఎసరు పెట్టే ఓపిక లేదు, అన్నిటికంటే మా అత్తగారి ముందు ఓడిపోవడం ఇష్టం లేదు. నిమ్మకాయలు మరో ఆరు పిండాను. తిరగమోతలో చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు దండిగా వేసి, ఇంగువ రెట్టింపు చేశాను. మా అత్తగారు వాకిట్లో నుంచే “ఇంగువ ఎక్కువైనట్టుందే” అన్నారు. నేను పలకలేదు.

అందరూ చిత్రాన్నం బాగుందనే తిన్నారు. పక్క వాటాలో లేవలేని ముసలాయన ఉంటే ఆయనకని ఒక ఎవర్‌సిల్వర్ గిన్నె నిండా పంపాను కూడా. మూడు గంటలకు మొదటి పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బ అన్నాము. సాయంత్రానికి తొమ్మిది మంది. ఆ పక్క వాటావాళ్ళ మనుమరాలు, నాలుగేళ్ళ పిల్ల, కళ్ళు తేలవేస్తే ఆసుపత్రికి ఎత్తుకొని పరుగెత్తాము. రాత్రంతా ఆ పిల్ల చేతికి సెలైను ఎక్కుతుంటే నేను బయట బల్ల మీద కూర్చున్నాను. డాక్టరుగారు వచ్చి ఏమి తిన్నారు, ఎప్పుడు వండారు అని అడిగి, “అన్నమే” అన్నారు. తరువాత, “మీరు ఏమి చేస్తుంటారు?” అని అడిగారు. పాఠశాలలో సామాన్యశాస్త్రం చెబుతానని అనడానికి నాకు నోరు రాలేదు. ఎనిమిదవ తరగతి పిల్లలకు సూక్ష్మజీవుల పాఠం ఏటా నేనే చెప్పేదానిని.

పిల్ల కోలుకుంది. ముసలాయన ఆరోజు పత్యం వల్ల తినలేదట, అది నా అదృష్టం. రెండు రోజుల తరువాత ఆ గిన్నె తిరిగి వచ్చింది. మన వైపు ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిరిగిరాదు, ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెర అయినా వేసి పంపుతారు. అది తళతళలాడేలా తోమి, ఏమీ లేకుండా వచ్చింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

జరిగింది ఏమిటో పాఠం చెప్పినట్టే చెబుతాను, విసుక్కోకుండా చదువు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి గింజల్లాంటి నిద్ర రూపంలో ఉంటుంది. అన్నం ఉడికినా ఆ నిద్ర రూపం చావదు. ఉడికిన అన్నం 60 డిగ్రీల కంటే వేడిగా ఉన్నంతసేపూ, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల కంటే చల్లగా ఉన్నంతసేపూ అది పెద్దగా పెరగదు. ఆ రెండింటి నడుమ వెచ్చదనం దానికి పుట్టిల్లు. పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని అన్నంలో వదులుతుంది. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఎంత తిరగమోత పెట్టినా, ఎన్ని నిమ్మకాయలు పిండినా పాడైన అన్నం బాగుపడదు. వండినది ఏదైనా బయట రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటినప్పుడు ఒక్క గంట, అంతకు మించి ఉంచకూడదంటారు. మే నెలలో తిరుపతి వంటిల్లు ఎలా ఉంటుందో నీకు తెలుసు. పైగా పెద్ద గుండిగలో మూత వేసిన అన్నం అంచున చల్లారినా మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ఆ ఉదయం నా చేతికి తగిలింది అదే.

“మరి తరతరాలుగా సద్దన్నం తినలేదా?” అని నీవు అడుగుతావు, నిన్ను నేను ఎరుగుదును. మా అమ్మ సద్దికి పెట్టే అన్నం ఇద్దరికి సరిపడా ఉండేది. చల్లార్చి, మట్టిచట్టిలో నీళ్ళు పోసి, మజ్జిగ కలిపి, తెల్లవారి తినేవాళ్ళం. మజ్జిగ పులుపు వల్ల అది వేరే దారిన పులుస్తుంది. వేడి వేడిగా మూత బిగించిన నాలుగు కిలోల అన్నాన్ని దానితో పోల్చవద్దు.

కాబట్టి చిత్రాన్నానికి బియ్యం ఆదివారం పదకొండుకు కడుగు. ఉడికిన వెంటనే రెండు వెడల్పాటి తాంబాళాల్లో పలుచగా పరిచి, చెంచాడు నూనె చల్లి, పంకా కింద పెట్టు. ఇరవై నిమిషాల్లో ఆరుతుంది. నిమ్మరసం పొయ్యి మీద పోయవద్దు, చేదెక్కుతుంది. తిరగమోత దించిన తరువాత అన్నంలో కలుపుకో. బల్లి భయం ఉంటే పైన పలుచని గుడ్డ కప్పు, పళ్ళెం బోర్లించవద్దు. శనివారం రాత్రి చేతులు ఊరుకోకపోతే ఓళిగలు కాల్చుకో. పూర్ణం నీరు లేకుండా గట్టిగా దగ్గరపడితే మరునాటికి ఏమీ కాదు. ఊరిబిండికి చెనిక్కాయలు వేయించి పొట్టు తీసి పెట్టుకో, నీళ్ళు తగిలించి నూరడం మాత్రం ఆదివారమే.

నాటుకోడి సంగతి మీ అమ్మకు నాకంటే బాగా తెలుసు, ఆమెను అడుగు. బ్రాయిలరులా అరగంటలో ఉడుకుతుందని మాత్రం అనుకోవద్దు. పొద్దున్నే చేస్తే వడ్డించేదాకా సన్నని సెగమీదే ఉండాలి, వేలు పెట్టలేనంత వేడిగా. దించి పక్కన పెట్టి, అందరూ వచ్చాక వెచ్చబెడతాననవద్దు. ఆలస్యంగా వచ్చే స్నేహితుడు ఎప్పుడూ ఒకడు ఉంటాడు, అతని కోసం అందరి అన్నం ఆపవద్దు.

సంగటి అన్నిటికంటే చివర చెయ్యి; చల్లారితే రాయి అవుతుంది. ఒక గ్లాసు బియ్యం నానబెట్టి, ఆరు గ్లాసుల నీళ్ళలో గుజ్జుగా ఉడికించు. గంజి ఇంకా ఉడుకుతుండగానే ఒకటిన్నర గ్లాసు రాగిపిండిని మధ్యలో గుట్టగా పొయ్యి. కలపవద్దు. ఇక్కడే అందరూ తొందరపడి ఉండలు కట్టిస్తారు. తెడ్డు కాడతో ఆ గుట్ట నడుమ అడుగుదాకా ఒక బెజ్జం చేస్తే, అందులోంచి గంజి బుడబుడమని పైకి పొంగి పిండిని తనంతట తానే తడుపుతుంది. సెగ తగ్గించి, మూత వేసి, పది నిమిషాలు దాని జోలికి పోవద్దు. (ఈ మూత పెట్టవచ్చు.) తరువాత గిన్నెను రెండు పాదాల మధ్య గుడ్డతో బిగించి పట్టుకొని తెడ్డుతో ఎనుపు. తడిచేతికి అంటకపోతే ఉడికినట్టు. ఇలా రెండు విడతలు చెయ్యి, ఒక్కసారే అంతా వేస్తే నీ చేతులు ఎనపలేవు. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి వెయ్యడం మరిచిపోవద్దు.

ఫ్రిజ్‌లో చోటు పెరుగుకూ, మామిడిపండ్లకూ, కేకుకూ వదులు. భోజనాలు కాగానే, కబుర్లలో పడకముందే, మిగిలినది చిన్న చిన్న డబ్బాల్లోకి మార్చి లోపల పెట్టు. ఎవరో ఒకరికి పాట పాడమని అప్పజెప్పి ఆ పది నిమిషాలు నీవు వంటింట్లోకి పో.

ఏదైనా ఒక గిన్నె దగ్గర ముక్కు అనుమానించిందనుకో, ఇంగువ డబ్బా వైపు చేయి చాచవద్దు, చెత్తకుండీలో పోసెయ్యి. పద్నాలుగు మందిలో ఎవరూ ఒక రకం తగ్గిందని లేచిపోరు, లేచిపోయేవాళ్ళయితే వచ్చే ఏడాది పిలవవద్దు. ఇన్ని మాటలు చదివి భయపడి మానుకుంటావేమోనని మళ్ళీ ఇంకో బెంగ పట్టుకుంది నాకు. మానుకోవద్దు. ఆ మే నెల తరువాత మూడేళ్ళు నేను ఎవరినీ భోజనానికి పిలవలేదు. మీ బావ తన పుట్టినరోజుకు బడిలో చాక్లెట్లు పంచి వచ్చేవాడు, ఇంటికి ఎవరినీ పిలుద్దామని అడిగేవాడు కాదు. ఆ మూడేళ్ళు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటాయి.

శుక్రవారం ఆర్టీసీ పార్సిలులో ఓళిగలకు రెండు కిలోల చిత్తూరు బెల్లం, మా తెడ్డు, ఎవర్‌సిల్వర్ డబ్బాలో ఆవకాయ పంపిస్తున్నాను. తెడ్డు నీ దగ్గరే ఉంచుకో. డబ్బా మాత్రం తిరిగి పంపు, రెండు ఓళిగలు పెట్టి.

ఆశీస్సులతో,
మీ అత్త