పాత హాస్యనటులు, హాస్య రీమేక్‌లు ఇప్పటికీ నవ్విస్తాయా?

నవ్విస్తాయి, కానీ అన్నీ కాదు. పర్లాకిమిడిలో మా ఇంటి పిల్లలు ఒడియా బడిలో చదువుతున్నారు. తెలుగు చక్కగా మాట్లాడతారు గాని, మాటల చమత్కారం వెంటనే అందదు. అయినా ‘మిస్సమ్మ’ (1955)లో అప్పు వసూలుకు వచ్చే డేవిడ్‌గా రమణారెడ్డి కనిపిస్తే చాలు, ఆ బక్కపలచని మనిషి నిలబడే తీరుకే పగలబడి నవ్వుతారు. రేలంగి ముఖానికీ అంతే. ఒంటితో పుట్టిన హాస్యానికి వయసు రాదని నా గట్టి నమ్మకం.

రీమేక్‌ల సంగతి వేరు. ‘గుండమ్మ కథ’ (1962)కు మూలం కన్నడ చిత్రమే, కానీ సూర్యకాంతం గయ్యాళితనం అచ్చంగా మన ఇళ్లలోది. ‘మర్యాద రామన్న’ (2010)కు బస్టర్ కీటన్ మూకీ చిత్రం ‘అవర్ హాస్పిటాలిటీ’ (1923) ఆధారం. ఇంట్లో ఉన్నంతసేపూ శత్రువు అతిథే, గడప దాటాడా చంపేయాలి! ఆ గడపను రాయలసీమ కక్షల మధ్యకు తెచ్చారు కనుకే పండింది. సన్నివేశాలను మాత్రమే ఎత్తిరాసిన రీమేక్‌లు నిలవవు.

నత్తినీ, ఒంటి రంగునీ, లావునీ వెక్కిరించే పాత సన్నివేశాలు మాత్రం ఇప్పుడు నాకు నవ్వు తెప్పించవు, బాధ పెడతాయి. పిల్లలకు చూపించాలంటే ‘మిస్సమ్మ’తో మొదలుపెట్టండి.