బిడియం ముదిరితే భయమేనా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఎవరొచ్చినా నా వెనక నక్కుతుంది. మా అక్క కూతురూ చిన్నప్పుడు ఇంతే. పద్నాలుగేళ్లొచ్చినా క్లాసులో నోరు విప్పదు. మా పాపా అలాగే అవుతుందా?

జవాబు: అవ్వాలనేం లేదమ్మా. కొత్తవాళ్లను చూస్తే బిగుసుకుపోయే పిల్లలు నూటికి పదిహేను మంది దాకా ఉంటారు. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ కేగన్ బృందం ఇలాంటివారిని ఏళ్ల తరబడి గమనించింది. 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, వీరిలో తర్వాత సోషల్ యాంగ్జయిటీ, అంటే నలుగురిలో మెలగాలంటే విపరీతమైన భయం, వచ్చింది సుమారు 40 శాతం మందికి. ముప్పు నిజమే, కానీ సగానికి పైగా దాని బారిన పడలేదు.

భయాన్ని పెంచేది ముఖ్యంగా తప్పించుకునే అలవాటు. "నీ పేరేంటమ్మా?" అని ఎవరైనా అడగ్గానే మీరు చెప్పేస్తే పాపకు ఆ పూటకు హాయి, మర్నాటికి అదే భయం. మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ పలకకపోతే "పేరు చెప్తావా, చెయ్యి ఊపుతావా?" అనండి. "మా పాపకు సిగ్గండీ" అని తన ఎదుట అనొద్దు. చుట్టాల ముందు నిలబెట్టి రైమ్ చెప్పించడం మరీ చేటు.

కిరాణా కొట్లో ముందు డబ్బులు తన చేత్తో ఇప్పించండి. అది అలవాటయ్యాకే "బిస్కట్లివ్వండి" అనిపించండి. పార్టీలకు పావుగంట ముందే వెళ్లండి, నిండిన గదిలోకి అడుగుపెట్టడమే వీళ్లకు కష్టం.

మీ అక్కగారి అమ్మాయి సంగతి వేరు. ఆరు నెలలకు మించి ఇలాగే ఉండి, చదువుకో స్నేహాలకో అడ్డొస్తుంటే సైకాలజిస్టుకు చూపించాలి. భయపెట్టే ఆలోచనల్నీ, తప్పించుకునే అలవాటునీ మెల్లగా మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ వయసులో బాగా పనిచేస్తుంది.