ఉత్తర్వును పక్కన పెట్టి వీసాలిచ్చిన బ్రెజిల్ రాయబారి

"పైనుంచి వచ్చిన ఉత్తర్వును పక్కన పెట్టి మనుషుల్ని కాపాడిన ప్రభుత్వాధికారి ఎవరైనా ఉన్నారా? అలా చేయడం సరైనదేనా?" అని అడిగారు. ఉన్నారండీ. నేను ముందుగా చెప్పే పేరు లూయిస్ మార్టిన్స్ డి సౌజా డాంటస్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో బ్రెజిల్ రాయబారి.

నేను పాస్‌పోర్ట్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. కౌంటర్ ఇవతల కూర్చునేవాళ్లకి సర్క్యులర్ అంటే ఏంటో, అవతల నిలబడ్డవాళ్లకి ఒక ముద్ర అంటే ఏంటో చాలా ఏళ్లు దగ్గరగా చూశాను. అందుకే ఈయన కథ నన్ను అంతగా పట్టుకుంది. రిటైరయ్యాక అమెరికాలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు, 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు వెళ్లిన సంగతి చదువుతున్నాను. ఆ నగరాన్ని గట్టెక్కించినవాళ్లలో ఫెలిక్స్ రోహాటిన్ ఒకరు. 1928లో వియన్నాలో పుట్టిన యూదు. 1940లో జర్మన్ సైన్యం ఫ్రాన్స్‌లోకి దిగాక, టూత్‌పేస్ట్ ట్యూబుల్లో బంగారు నాణేలు దాచుకుని కుటుంబంతో పారిపోయిన పన్నెండేళ్ల పిల్లవాడు. ఆ కుటుంబం చేతిలో బ్రెజిల్ వీసాలున్నాయి. అవి ఎలా వచ్చాయని వెతుక్కుంటూ పోతే సౌజా డాంటస్ దగ్గర తేలాను.

1876లో రియో డి జనీరోలో పుట్టారు. లా చదివి 1897లో విదేశాంగ సర్వీసులో చేరారు. రోమ్‌లో రాయబారిగా చేసి, 1922లో పారిస్ వచ్చి ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నారు. నానాజాతి సమితిలోనూ బ్రెజిల్ తరఫున కూర్చున్నారు. ఇదంతా పెద్ద ఉద్యోగమే కానీ, ఇంతవరకే అయితే ఈరోజు ఆయన పేరు తలుచుకునే పని ఉండేది కాదు.

అప్పుడు బ్రెజిల్‌ను ఏలుతున్నది జెటూలియో వార్గాస్. 1937 జూన్‌లో ఆ దేశ విదేశాంగ శాఖ ఒక రహస్య సర్క్యులర్ పంపింది. దాని నంబరు 1127. యూదులకు వీసాలు ఇవ్వొద్దని దాని సారాంశం. ఆ తర్వాత కొన్ని సడలింపులూ, కొన్ని బిగింపులూ వచ్చాయి కానీ తలుపు మాత్రం మూసే ఉంచారు. 1940లో ఫ్రాన్స్ లొంగిపోయింది. జర్మన్లు ఇంకా ఆక్రమించని దక్షిణ భాగంలో, విషీ అనే ఊళ్లో ఫ్రెంచ్ ప్రభుత్వం కొలువుదీరింది. బ్రెజిల్ రాయబార కార్యాలయం కూడా అక్కడికే మారింది. దక్షిణ ఫ్రాన్స్ నిండా శరణార్థులు.

ఇక్కడ వీసా పని ఎలా నడిచేదో చెప్పాలి, లేకపోతే ఆయన సంతకం విలువ అర్థం కాదు. ఫ్రాన్స్ వదిలి వెళ్లాలంటే ఎగ్జిట్ వీసా కావాలి. ఓడెక్కడానికి లిస్బన్ చేరాలంటే స్పెయిన్, పోర్చుగల్ ట్రాన్సిట్ వీసాలు కావాలి. మీరు చివరికి ఏ దేశానికి వెళ్తున్నారో రుజువు చూపించకపోతే ట్రాన్సిట్ ఇచ్చేవాళ్లు కాదు. తమ దేశంలోనే ఉండిపోతారని వాళ్ల భయం. అంటే గమ్యస్థానం వీసా ఒక్కటి దొరికితే మిగతా కాగితాలు కదులుతాయి, అది లేకపోతే ఏదీ కదలదు. ఆ ఒక్క కాగితం కోసమే జనం ఊరూరా కాన్సులేట్ల ముందు పడిగాపులు కాశారు.

మామూలు వీసా ఇస్తే సర్క్యులర్ అడ్డొస్తుంది. సౌజా డాంటస్ రాయబారి హోదాలో తనకున్న అధికారం వాడి డిప్లొమాటిక్ వీసాలు ఇచ్చారు. దౌత్యంతో ఏ సంబంధమూ లేని డాక్టర్లకు, నటులకు, వ్యాపారులకు, పిల్లలకు. యూదులకే కాదు, నాజీల నుంచి పారిపోతున్న ఇతరులకు కూడా. 1940 డిసెంబరులో ఇక వీసాలు జారీ చేయొద్దని ప్రభుత్వం ఆయనకే నేరుగా చెప్పింది. ఆ తర్వాత కూడా పాత తేదీ వేసి కొన్ని ఇచ్చారు. ఫైలు మీద పాత తేదీ వేయడం ఎంత పెద్ద తప్పో మా ఆఫీసులో కొత్తగా చేరిన క్లర్కుకి కూడా తెలుసు. నలభై ఏళ్లకు పైగా సర్వీసున్న ఆ పెద్దాయనకు తెలియదా? అన్నీ తెలిసే చేశారు. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్లు. ఇంకో ఏడాది కళ్లు మూసుకుని కూర్చుంటే గౌరవంగా ఇంటికి వెళ్లే వయసు.

వీసా దొరికినవాళ్లందరూ సుఖంగా చేరలేదు. 1941 జనవరిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని మార్సేయి రేవు నుంచి బయల్దేరిన అల్సీనా అనే ఓడని పశ్చిమ ఆఫ్రికాలోని డకార్ రేవులో నెలల తరబడి ఆపేశారు. ఈలోగా వీసాల గడువు తీరిపోయింది. వాళ్లలో కొందరు వేరే ఓడలో ఎలాగో రియో దాకా వస్తే, చెల్లని వీసాలంటూ దిగనివ్వలేదు. చివరికి డచ్ వాళ్ల చేతిలో ఉన్న కురసావ్ ద్వీపం వాళ్లను దిగనిచ్చింది. తన ఊరి రేవులోంచే, తన సంతకమున్న మనుషుల్ని తిప్పి పంపారన్న కబురు ఆ రాయబారికి ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను.

ఆ ఏడాదే ఆయన మీద విచారణ పెట్టారు. పదవీ విరమణ వయసు దాటిపోయిందన్న కారణంతో శిక్ష లేకుండా ముగించారు. 1942 నవంబరులో జర్మన్లు దక్షిణ ఫ్రాన్స్‌ను కూడా ఆక్రమించి, విషీలోని బ్రెజిల్ కార్యాలయంలోకి చొరబడ్డారు. ఆయన్ని, ఇతర దౌత్య సిబ్బందిని జర్మనీలోని బాడ్ గోడెస్‌బర్గ్‌కు తీసుకెళ్లి 1944 దాకా నిర్బంధంలో ఉంచారు. విడుదలయ్యాక, 1946లో లండన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి మొదటి సర్వసభ్య సమావేశంలో బ్రెజిల్ తరఫున మాట్లాడింది ఈయనే. 1954లో పారిస్‌లో కన్నుమూశారు.

తర్వాత దాదాపు అందరూ మర్చిపోయారు. ఫాబియో కోయ్‌ఫ్‌మాన్ అనే బ్రెజిల్ చరిత్రకారుడు పాత రికార్డులు తిరగేసి, ఈ వీసాలతో బయటపడినవాళ్లు నాలుగు వందలకు పైగా ఉన్నారని పేర్లతో సహా తేల్చారు. ఆ పని చేతికి రాకపోతే 2003లో యాద్ వాషెమ్ సంస్థ (నాజీల చేతిలో చనిపోయిన యూదుల స్మారకంగా ఇజ్రాయెల్ నడిపే సంస్థ) ఆయన్ని, యూదులను కాపాడిన ఇతర జాతుల వారికిచ్చే గౌరవంతో గుర్తించడం జరిగేది కాదేమో. ఆ పేర్లలో పోలండ్ నాటక దర్శకుడు జియెంబిన్‌స్కి కూడా ఉన్నారు. ఆయన 1943లో రియోలో వేయించిన నాటకంతోనే బ్రెజిల్ ఆధునిక నాటకరంగం మొదలైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ వీసాతో బయటపడిన మనిషి ఆ దేశానికి ఇచ్చింది అది.

ఇక మీ రెండో ప్రశ్న. ప్రతి అధికారీ తనకు నచ్చినట్టు సంతకాలు పెడితే ఆఫీసు నడవదు, ఇది నేను గట్టిగానే నమ్ముతాను. రూల్ అందరికీ ఒకటే అన్న భరోసా పోతే ముందు నష్టపోయేది పలుకుబడి లేనివాళ్లే. కానీ సర్క్యులర్ 1127 అందరికీ ఒకటైన రూలు కాదు. పుట్టుకను బట్టి మనుషుల్ని పక్కకు తీసే రూలు, దాన్ని బయటికి చెప్పుకునే ధైర్యం లేక రహస్యంగా పంపారు. ఒక ఉత్తర్వు దారి తప్పిందా లేదా అని చూడటానికి నాకు తెలిసిన మంచి పరీక్ష ఇదే: దాన్ని ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించగలరా? అంటించలేనిదైతే సౌజా డాంటస్ చేసింది సరైనదే అంటాను.

ఇదే కాలంలో హాంబర్గ్‌లోని బ్రెజిల్ కాన్సులేట్‌లో పనిచేసిన అరాసీ డి కార్వాల్యో కూడా ఇలాంటి సాహసమే చేశారు, ఆమెను యాద్ వాషెమ్ 1982లోనే గుర్తించింది. రాయబారి కాదు, వీసా సెక్షన్ ఉద్యోగి. మీకు ఆసక్తి ఉంటే ఈయన తర్వాత ఆమె గురించి చదవండి.