డయాలసిస్ మానేస్తేనే విశ్వాసమా?

కవిటి మండలం నుంచి ఒక సోదరి రాశారు. భర్తకు రెండేళ్లుగా డయాలసిస్. ఉపవాస ప్రార్థనలో ఎవరో "విడుదల అయిపోయింది, ఇంక మిషన్ ఎక్కితే అవిశ్వాసమే" అన్నారట. ఆయన రెండు విడతలు మానేశారు, కాళ్లు పొంగాయి. "మీ ఇంట్లో ఏదో పాపం ఉంది" అని కూడా అంటున్నారట. బలవంతంగా తీసుకెళ్తే దేవుణ్ణి నమ్మనట్టేనా అని ఈమె బాధ.

చెల్లెమ్మా, ఈరోజే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరొచ్చు, పొటాషియం పెరిగి గుండె ఆగొచ్చు. ఆయాసం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. నీరసంగా ఉన్నారని కొబ్బరి బొండం మాత్రం కొట్టివ్వకండి. మన ఉద్దానం ప్రాంతంలో అది అలవాటే గానీ, ఆ నీళ్లలో ఉండేది కూడా పొటాషియమే.

హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఆ మాట వచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టించాడు. మందు వాడినందుకు వాగ్దానం తప్పిపోలేదు.

పాపం అన్న మాటకు నా మనసు చివుక్కుమంది. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు గుడికెళ్లే ఇంటికీ వచ్చింది, చర్చికెళ్లే ఇంటికీ వచ్చింది. పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు ఇలాగే అడిగితే, వాడూ పాపం చేయలేదు, కన్నవాళ్లూ చేయలేదు అన్నాడు యేసు.

షద్రకు, మేషాకు, అబేద్నెగోలు రాజుతో ఏమన్నారు? మా దేవుడు రక్షించగలడు, రక్షించకపోయినా నీ విగ్రహానికి మొక్కం అన్నారు. "రక్షించకపోయినా" దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో! రాజు వాళ్లను అగ్నిగుండంలో వేయించాడు. దేవుడు పంపిన నాలుగోవాడు వాళ్లతో ఆ మంటల మధ్యే కనబడ్డాడు. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబొచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరనగలరు?

మీ ఆయనతో వాదనకు దిగకండి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఆ లావుపాటి సూదులు. విసిగిపోయిన మనిషికి విడుదల అన్న మాట ఎంత తియ్యగా వినబడి ఉంటుందో ఆలోచించండి. పక్కన కూర్చుని చేతి ఫిస్టులా మీద, అంటే డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం మీద, మెల్లగా వేళ్లు ఆనించండి. లోపల రక్తం జుమ్మని పారుతుంటుంది. ఇంతవరకు నిలబెట్టావు ప్రభువా అని ఆ చెయ్యి పట్టుకునే ప్రార్థించండి. పాస్టర్ గారినీ ఆటోలో వెంట రమ్మనండి, మంచం పక్కన నిలబడి ప్రార్థన చేస్తారు.